వద్దు అనడం నేర్పే బడి

ఆస్ట్రేలియా వెళ్ళొచ్చానని తెలిసి మా బాపట్లలో పలకరించిన వాళ్ళంతా ముందు కంగారూ సంగతే అడిగారు. చూశాను. రోడ్డు పక్కన లారీ తగిలి చచ్చి పడి ఉంది. లేడి మొహం, పొడుగాటి కాళ్ళు, పెద్ద తోక. అంతకంటే చెప్పడానికేమీ లేదు. నేను చెప్పదలుచుకున్నది వేరే ఉంది. నలుగురిలో చెప్పబోతే నోరు రావడం లేదు కనుక రాస్తున్నాను. నాకు ఐదో తరగతి చదువు. తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి.

మా అమ్మాయి సుజాత, అల్లుడు మురళి పదేళ్ళుగా అడిలైడ్‌లో ఉంటున్నారు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లకు ఏడాది తెలియక తికమక పడతాయట. అవి పడకుండా చూసే పనిలో ఇద్దరూ పొద్దున పోతే రాత్రికి వస్తున్నారు. ఇంట్లో పద్నాలుగేళ్ళ మనవరాలు హారిక. అది చాలదన్నట్టు, పనులు ఇంత పెరగక ముందే, జపాను నుంచి చదువుకోడానికి వచ్చిన ఒక అమ్మాయిని ఏడాది పాటు ఇంట్లో పెట్టుకుంటామని మాట ఇచ్చారు. అక్కడ అలా పెట్టుకుంటే వారం వారం ఆ పిల్ల తిండికీ పడకకూ డబ్బిస్తారు. "అమ్మా, నువ్వొచ్చి వంటిల్లు చూసుకోకపోతే ఇద్దరు ఆడపిల్లలూ రొట్టె ముక్కలు తిని బతకాలి" అని సుజాత ఫోన్ చేసింది. ఉగాది వెళ్ళిన వారానికి విమానం ఎక్కాను.

వేపపుల్లలు

మెల్‌బోర్న్‌లో దిగగానే సామాను తనిఖీ. నా పెట్టెలో ఆవకాయ, కందిపొడి, చింతపండు, నాలుగు కట్టల వేపపుల్లలు ఉన్నాయి. ఎర్రగడ్డం అధికారి ఆవకాయ మూత తీయమని, వాసన చూసి, ఒక అడుగు వెనక్కి వేసి పోనిచ్చాడు. పుల్లల దగ్గర మాత్రం పట్టుకున్నాడు. ఇవెందుకని చేత్తో అడిగాడు. ఒకటి నోట్లో పెట్టి నమిలి, పళ్ళు తోమి చూపించాను. వరసలో నా వెనక ఉన్న వాళ్ళు కూడా తొంగి చూశారు. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. చెట్టు పుల్ల ఏదీ ఈ దేశంలోకి రానివ్వబోమని, పురుగు వస్తే పైర్లు పోతాయని, అక్కడున్న ఒక పంజాబీ కుర్రాడి చేత హిందీలో చెప్పించాడు. నాకు హిందీ రాదు, కానీ పురుగు అని వేళ్ళు ఆడించి చూపించడంతో అర్థమైంది. కట్టలు తీసుకుని, బదులుగా నాకు తెలియని భాషలో నాలుగుసార్లు క్షమించమన్నాడు. మన దగ్గర సామాను పట్టుకున్నవాడు ఇంత మర్యాదగా పట్టుకోవడం నేనెరుగను.

కేరమ్ డౌన్స్ గుడి

మురళి కారు తెచ్చాడు. ఒక పూట మెల్‌బోర్న్‌లో ఆగి కేరమ్ డౌన్స్‌లో ఉన్న శివాలయం చూశాం. ఒకే కప్పు కింద శివుడూ విష్ణువూ ఇద్దరూ ఉన్నారు. చుట్టూ ఇళ్ళు లేవు, పచ్చగడ్డి, మధ్యలో గోపురం. గుడిలో చెప్పులు పెట్టడానికి అరలున్నాయి, కాపలా మనిషి లేడు, ఎవరి చెప్పులూ పోలేదు. ప్రసాదాల గదిలో రెండు ఇడ్లీలు, సాంబారు కలిపి మన డబ్బుల్లో ఎనభై రూపాయల పైన పడ్డాయి. రూపాయల్లోకి మార్చుకోవద్దు అత్తయ్యా, తిండి సయించదు అన్నాడు మురళి. మార్చుకోకుండా ఎలా తింటారో నాకు తెలియదు. ఇడ్లీ మాత్రం మెత్తగా ఉంది.

అడిలైడ్ దారి

అక్కడి నుంచి అడిలైడ్‌కి ఒక పగలంతా కారు ప్రయాణం. ఒక్క హారన్ మోత వినలేదు. గోధుమ చేలు, గొర్రెలు, మళ్ళీ గోధుమ చేలు. దారిలో రాష్ట్రం సరిహద్దు వస్తుంది. పళ్ళ పురుగు రాకుండా అక్కడ రోడ్డు పక్కన డబ్బాలు పెట్టారు, కారులో ఉన్న పళ్ళన్నీ అందులో పారేయాలి. ఆ సంగతి తెలియక మెల్‌బోర్న్‌లో చవగ్గా వచ్చాయని ఒక సంచీడు ఆపిల్ పళ్ళు, ద్రాక్షలు కొనిపించింది నేనే. పారేయడానికి నాకు మనసొప్పలేదు. డబ్బా పక్కనే కారు ఆపించి, మురళి చేత ఐదు తినిపించి, నేనూ తినగలిగినన్ని తిన్నాను. మిగిలినవి వేసేశాం. ఇంటికి చేరేదాకా మురళి మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు, కడుపులు మాట్లాడాయి. ఎవరూ చూడకపోయినా ఆ డబ్బా దగ్గర ప్రతి కారూ ఆగడం మాత్రం నా కళ్ళారా చూశాను.

మాసన్ లేక్స్

మా వాళ్ళుండే చోటు పేరు మాసన్ లేక్స్. కొత్తగా కడుతున్న పేట. చెరువులు కూడా తవ్వించినవే, చుట్టూ నడిచే బాటలు, బాతులు. ఒక పక్క యూనివర్సిటీ, ఇంకో పక్క కంప్యూటర్ ఆఫీసులు. సాయంత్రం ఐదుకల్లా దుకాణాలు కట్టేస్తారు. బస్సు దిగే ప్రతివాడూ డ్రైవరుకి థ్యాంక్యూ చెప్పి దిగుతాడు, ముసలివాడైనా, బడిపిల్లాడైనా. నేనూ నేర్చుకున్నాను. కొత్తిమీర కట్ట ధర చూసి మాత్రం వేరున్న కట్ట ఏరి తెచ్చి పెరట్లో నాటాను. వాడేసిన బట్టలు ఉతికి అమ్మే దుకాణం ఒకటుంది, అందులో రెండు డాలర్లకు ఉన్ని స్వెట్టరు కొన్నాను. ఇప్పటికీ వేసుకుంటున్నాను.

జపాను అమ్మాయి పేరు మిహో. పదిహేనేళ్ళు, ఇంగ్లీషు తక్కువని హారిక తరగతిలోనే వేశారు. కొండల మధ్య చిన్న ఊరట వాళ్ళది, ఆడపిల్లల బడిలో చదివిందట. మనిషి కనిపిస్తే నడుం వంచుతుంది. తిన్న పళ్ళెం తనే కడుగుతుంది, స్నానాల గదిలో ఒక్క వెంట్రుక మిగలనివ్వదు. నన్ను 'అమ్మమ్మ-సాన్' అనేది. సాన్ అంటే మన 'గారు'. పెసరపప్పు చారు గిన్నె రెండు చేతులా పట్టుకుని తాగేది. కారం తినలేదు, కానీ తినలేనని ఎప్పుడూ అనలేదు. కళ్ళ నీళ్ళు కారుతున్నా తింటూనే ఉండేది. ఏది చెప్పినా తల ఊపుతుంది. మా హారికకు అందులో సగం వచ్చినా బాగుండు అనుకునేదాన్ని.

నా మడి గురించి ఇక్కడ చెప్పాలి. సుజాత వంటింట్లోనే పొయ్యి పక్కన అరలో దేవుణ్ణి పెట్టుకుంది. నేనున్నన్నాళ్ళూ నెలసరి వచ్చిన వాళ్ళు మూడు రోజులు వంటింట్లోకి రాకూడదని, వెనక గదిలో తినాలని వచ్చిన మర్నాడే చెప్పాను. సుజాత నిట్టూర్చి ఒప్పుకుంది. హారిక కళ్ళు తిప్పింది. మిహోకి హారిక చేతే చెప్పించాను. ఆ పిల్ల ఎందుకని అడగలేదు. మొదటి నెల తనే వచ్చి గడప అవతల నిలబడి తల వంచింది. అంత పద్ధతి నేర్పిన తల్లిని మెచ్చుకున్నాను.

బడి నుంచి ఫోను

మే నెలలో బడి వాళ్ళు పిల్లల్ని బస్సులో కొండల్లోకి తీసుకెళ్ళి రెండు రాత్రులు గుడారాల్లో ఉంచి తెచ్చారు. అది అయిన కొన్నాళ్ళకు మిసెస్ హోల్ట్ అనే టీచరు ఇంటికి ఫోన్ చేసింది. ఆడా మగా సంగతులు, పిల్లలు ఎలా పుడతారు, ఏం జాగ్రత్త పడాలి, ఇవన్నీ చెప్పే పాఠాలు మొదలవుతున్నాయట. ఇష్టం లేని తల్లిదండ్రులు వద్దంటే పిల్లల్ని ఆ గంట లైబ్రరీలో కూర్చోపెడతారట. మిహో సంగతి కూడా ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి పెద్దల ఇష్టానికే వదిలారట.

సుజాత నా మొహం చూసింది. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే గదిలోనా అని అడిగాను. ఒకే గదిలోనే అంది. అయితే వద్దన్నాను. ఇద్దరికీ వద్దన్నాను.

హారిక రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు దోసె ముందు కూర్చుని, "అమ్మమ్మా, ద హోల్ క్లాస్ థింక్స్ అయామ్ ఎ బేబీ" అంది. బేబీలా ఉండమనే నేను చెప్పేది అన్నాను. మిహో ఎప్పటిలా తల ఊపి, ఆ గంటలు లైబ్రరీలో కూర్చుని నిఘంటువు చదువుకుంది.

స్లీపింగ్ బ్యాగ్

ఆ తర్వాత కొన్నాళ్ళకు నాకు ఒక సంగతి తట్టింది. మిహో మళ్ళీ గడప అవతల నిలబడలేదు. వారాలు గడిచాయి. అంటే ఆ రోజుల్లో నాకు చెప్పకుండా వంటింట్లో తిరిగిందన్నమాట, దేవుడి అర ముందే. నెమ్మదస్తురాలు అనుకున్న పిల్ల ఇంత పని చేసిందే అని ఒళ్ళు మండింది. సాయంత్రం బడి నుంచి వచ్చి కప్పులు కడుగుతుంటే హారికను పిలిచాను.

"అడుగు దాన్ని. ఆ రోజులొస్తే చెప్పమన్నానా, లేదా?"

"అమ్మమ్మా, దట్స్ సో రూడ్."

"అడగవే."

హారిక అడిగింది. మిహో కప్పు కింద పెట్టింది. తువ్వాలుతో చేతులు తుడుచుకుంది, వేళ్ళ సందులు కూడా తుడుచుకుంది. తర్వాత చాలా నెమ్మదిగా ఏదో చెప్పింది. హారిక మొహం మారింది.

"రాలేదట అమ్మమ్మా. క్యాంప్ నుంచి."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఊరు కాని ఊళ్ళో మనల్ని నమ్మి వదిలిన పరాయి పిల్ల. రేపు వాళ్ళమ్మ ఫోన్ చేస్తే ఏం చెబుతాం. అడగకూడనిది అడగాలి. "ఎవరైనా మగపిల్లాడు..." అన్నాను. నేను ఆపిన చోటు నుంచి హారిక ఇంగ్లీషులో పూర్తి చేసింది.

మిహో తల వంచుకుని చెప్పింది. క్యాంపులో వాన పడి తన స్లీపింగ్ బ్యాగ్ తడిసిందట. అంటే సంచీలా కుట్టి జిప్పు పెట్టిన దుప్పటి, అందులో దూరి పడుకుంటారు. వణుకుతుంటే సామ్ అనే కుర్రాడు తనది ఇచ్చాడట. రాత్రంతా అందులో పడుకుందట. ఆ నెల నుంచి ఆగిపోయిందట.

"మరి వాడెక్కడ పడుకున్నాడు?"

హారిక అడిగి చెప్పింది. "బస్సులో. విత్ ద టీచర్స్. రెండు కోట్లు కప్పుకుని."

నాకు నవ్వు రావలసింది. మిహో మొహం చూస్తే రాలేదు. ఆ పిల్ల కొన్ని వారాలుగా ఆ భయం మోస్తూ నా చారు తాగుతోంది, పళ్ళేలు కడుగుతోంది, తల ఊపుతోంది. అందుకే ఒంటి మీద కండ లేకుండా పోయింది. ఈ సంగతి బయటపడితే తనను వెనక్కి పంపేస్తారని, తన వల్ల వాళ్ళ బడి నుంచి ఇంకెవరినీ రానివ్వరని హారికతో అంది. తర్వాత మా ఇద్దరి వైపూ చూసి ఒక్క మాట అడిగింది.

"ఈజ్ ఇట్ పాజిబుల్?"

జవాబు నాకు తెలుసు. నలుగురు పిల్లల్ని కన్నదాన్ని. కానీ మనవరాలి ఎదుట అనగలిగిన తెలుగు మాట ఒక్కటీ నా దగ్గర లేదు, ఇంగ్లీషు అసలే లేదు. కొంగు చివర మెలిపెడుతూ కూర్చున్నాను.

"నేను చెప్పనా అమ్మమ్మా?" అంది హారిక.

"నీకేం తెలుసే?"

"ఆ పార్ట్ లాస్ట్ ఇయరే చెప్పారు. నువ్వు వద్దన్నది సెకండ్ పార్ట్."

ఏది రాకుండా వాకిట్లో కాపలా కాశానో అది ఏడాది కిందటే ఇంట్లోకి వచ్చి కూర్చుంది. పిల్ల ఏమీ చెడిపోలేదు, లెక్కల్లో మొదటి మార్కు తెచ్చుకుంటోంది. చెప్పమన్నట్టు చెయ్యి ఊపి పొయ్యి వైపు తిరిగాను. చెవులు మాత్రం అటే ఉన్నాయి. మాటలన్నీ అర్థం కాలేదు. కానీ హారిక గొంతు అర్థమైంది. పప్పు ఎలా ఉడుకుతుందో చెప్పినట్టు చెప్పింది. పకపకలు లేవు, గుసగుసలు లేవు. బొమ్మ కావలసిన చోట పిండి డబ్బా మీద పడిన పిండిలో వేలితో గీసింది. మిహో మధ్యలో రెండు ప్రశ్నలు అడిగింది. హారిక ఒకదానికి జవాబు చెప్పి, రెండోది తనకు తెలియదని, మిసెస్ హోల్ట్‌ని అడుగుతానని చెప్పింది.

అంతా అయ్యాక మిహో వంటింటి నేల మీదే కూర్చుని ఏడ్చింది. ఆ పిల్ల గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది.

నెమ్మదించాక వేడి పాలిచ్చి అడిగాను, మీ బడిలో ఏమీ చెప్పలేదా అని. చెప్పారట. ఆడపిల్లలందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, కిటికీల తెరలు వేసి, బొమ్మలు చూపించారట. కడుపులో అండం ఉంటుందని, మగవాడి బీజం ఉంటుందని, రెండూ కలిస్తే బిడ్డ అని. ఎలా కలుస్తాయో ఆ పుస్తకంలో లేదట. టీచరు ఆ పుట దాటి తర్వాతి పాఠానికి వెళ్ళిపోయిందట. జపానులో కొన్ని బడుల్లో ఇంకా వివరంగా చెబుతారని విన్నానని, తమ ఊళ్ళో మాత్రం అంతేనని అంది. సామ్ బ్యాగ్ గురించి అది పిచ్చి భయమని తనకూ అనిపించేదట, కానీ కాదని గట్టిగా చెప్పేవాళ్ళు కావాలి కదా అంది.

"మరి ఎవరూ అడగలేదా?" అంది హారిక.

"అడిగితే టీచర్ ఇబ్బంది పడతారు" అని మిహో చెప్పిందని నాకు తెలుగులో చెప్పి, హారిక నోరు తెరుచుకుని ఉండిపోయింది. నేను తెరవలేదు. మన దగ్గర ఆ ఇబ్బంది పడే టీచరు కూడా లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పింది. పెద్దమనిషి అయిన రోజు వాళ్ళమ్మ ఎర్ర చిక్కుడు గింజలు వేసి అన్నం వండిందట. ఎందుకో ఎవరూ అనలేదు. నాన్న ఏమీ అడగకుండా తిన్నాడు, తమ్ముడు రెండోసారి వడ్డించుకున్నాడు, తను మాత్రం తలెత్తలేకపోయిందట. మా వైపు నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేస్తామని, పేరంటాళ్ళను పిలిచి పాటలు కూడా పాడతామని చెప్పాను. "పాటలో చెబుతారా?" అని అడిగింది ఆశగా. లేదన్నాను. పాటలో కూడా చెప్పం.

నల్గొండ డాక్టరమ్మ

భయం పోయినా నెల రావాలి కదా. సుజాత వాళ్ళకు తెలిసిన డాక్టర్ నస్రీన్ దగ్గరకు వెళ్ళాం. నల్గొండలో పుట్టి హైదరాబాదులో చదివి ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్న ఆవిడ. నన్ను చూడగానే తెలుగులో పలకరించి, ముందు మిహోని ఒక్కదాన్నే లోపల కూర్చోబెట్టుకుని మాట్లాడింది. మేమంతా బయటే. ఆ పిల్ల ఒప్పుకున్నాకే మమ్మల్ని పిలిచింది. పదిహేనేళ్ళ పిల్లను అనుమతి అడిగే డాక్టర్ని నేనెక్కడా చూడలేదు.

"ఏం పరేషాన్ గాకండి అమ్మా. పిల్ల మంచిగనే ఉంది. ఇంత దూరం వచ్చింది, తిండి మారింది, చలి మారింది, పైనుంచి దిగులు. బరువు తగ్గింది. కడుపు నిండ తినిపియ్యండి, అదే వస్తది. రాకుంటే అప్పుడు పరీక్షలు చేద్దాం" అంది. తర్వాత నవ్వుతూ నన్ను అడిగింది, ఇంతకీ మీరెట్ల కనిపెట్టిన్రు అని. మడి సంగతి చెప్పాను. ఆవిడ గట్టిగా నవ్వి, "మా నానమ్మ గూడ గంతే, ఎవరికెప్పుడో అన్నీ యాదుంచుకునేది. కారణం మాత్రం ఎన్నడు చెప్పలే" అంది.

తరగతి గది

బడికి ఫోన్ చేస్తానని సుజాత అంటే వద్దన్నాను. పిల్లల్ని ఆపమన్నది నేను, పంపుతానని చెప్పవలసింది కూడా నేనే. హారికను వెంటబెట్టుకుని వెళ్ళాను. మిసెస్ హోల్ట్ నా ఈడుది కాకపోయినా తల నెరిసిన మనిషి, చెవులకు పెద్ద పూసలు. నా మాట పూర్తిగా విని, ఎందుకు మనసు మారిందని కూడా అడగలేదు. మీకు ఇష్టమైతే మీరూ వచ్చి వెనక కూర్చోండి అంది. పిల్లల్ని అడిగితే ఎవరూ కాదనలేదు.

వెళ్ళేముందు గుండె దిటవు చేసుకున్నాను, ఏవేవో బొమ్మలు చూడాల్సి వస్తుందని. ఆ రోజు బొమ్మలు లేవు. రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసింది. ఒక పిల్ల, ఒక పిల్లాడు వచ్చి కూర్చున్నారు. పిల్లాడు అడుగుతాడు, మా అన్న కారులో బీచికి పోదాం రా అని. పిల్ల వద్దనాలి. కారణం చెప్పక్కర్లేదు. సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. అతను బతిమాలతాడు, ఎగతాళి చేస్తాడు, అయినా వద్దనే అనాలి. తర్వాత కుర్చీలు మారతారు. అప్పుడు పిల్ల అడుగుతుంది, పిల్లాడు వద్దంటాడు.

అక్కడితో అయిపోలేదు. వద్దన్న మాట విన్నవాడు ఏం చేయాలన్నది ఇంకో పాఠం. సరే అనాలి. మొహం మాడ్చుకోకూడదు. రెండోసారి అడగకూడదు. మర్నాడు ఎప్పటిలా పలకరించాలి. మగపిల్లలు ఒక్కొక్కరూ లేచి దాన్ని సాధన చేస్తుంటే నాకు కలిగిన ఆశ్చర్యం ఇంతా అంతా కాదు. ఒక పొడుగాటి కుర్రాడు మొహం మాడ్చుకోకుండా ఉండలేక నాలుగుసార్లు చేశాడు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు, ఐదోసారి బాగా చేశాడు. మన దగ్గర ఆడపిల్లకు వద్దనమని నూరిపోస్తాం. ఆ మాట వినడం మగపిల్లాడికి నేర్పిన బడి ఒక్కటి కూడా నాకు తెలియదు.

మిహో వంతు వచ్చింది. ఎదుట కూర్చున్నది సామ్, ఆ స్లీపింగ్ బ్యాగ్ కుర్రాడే. గోధుమ రంగు జుట్టు, మొహం నిండా మచ్చలు. బీచికి రమ్మని అడిగాడు. మిహో నోరు తెరిచి "కొంచెం..." అన్నట్టు వాళ్ళ భాషలో ఏదో అని ఆగిపోయింది. వాళ్ళ దగ్గర కాదని చెప్పడం అంతేనట, అలా ఆపేస్తే ఎదుటివాళ్ళు అర్థం చేసుకోవాలి. అతనికి అర్థం కాలేదు, మళ్ళీ అడిగాడు. ఈసారి సారీ అంది. తర్వాత నెక్స్ట్ టైమ్ అంది. నో అన్న మాట మాత్రం రాలేదు. మిసెస్ హోల్ట్ తొందరపెట్టలేదు. గది అంతా నిశ్శబ్దంగా కాచుకుంది. గంట కొట్టేశారు. మిహో లేచి సామ్‌కి నడుం వంచి దండం పెట్టి వచ్చేసింది.

ఆ తర్వాత నేనున్నన్నాళ్ళూ హారిక, మిహో ఇద్దరూ ఆ పాఠాలకు వెళ్ళారు. నేను మళ్ళీ వెళ్ళలేదు. హారిక ఇంటికొచ్చి ఏం చెప్పారో చెబుతుంటే కూరలు తరుగుతూ విన్నాను. నాకు తెలియనివి కూడా అందులో ఉన్నాయి. ఈ వయసులో అవి తెలుసుకుని నేను చేసేదేమీ లేదు కానీ, తెలుసుకున్నాను.

వంటింట్లో

జూలై చలి మన చలి కాదు. ఎముకల్లో ఉంటుంది. ఇంట్లో వేడి చేసే యంత్రం వంటిల్లూ, దాన్ని ఆనుకున్న భోజనాల బల్లా ఉన్న చోటే ఉంది. వెనక గది మంచుగడ్డ. ఒక శనివారం పొద్దున నేను ఉప్మా కలుపుతుంటే మిహో గడప అవతల నిలబడింది.

"అమ్మమ్మ-సాన్, వచ్చింది" అంది. తెలుగులోనే. హారిక దగ్గర నేర్చుకుని దాచిపెట్టుకున్న మాట.

ఎంత సంతోషించానో చెప్పలేను. సుజాతను కేకేశాను. హారిక పరుగెత్తుకొచ్చి మిహో భుజాలు పట్టుకుని ఊపింది. తర్వాత ఎప్పటి అలవాటు కొద్దీ పళ్ళెంలో ఉప్మా పెట్టి, గడప దాకా జరిపి, వెనక గదిలోకి తీసుకెళ్ళి తినమన్నాను.

మిహో పళ్ళెం తీసుకోలేదు. నోరు తెరిచి ఏదో అనబోయి ఆగింది. ఆ 'కొంచెం' అని అనుకుంటాను. మళ్ళీ తెరిచింది.

"నో, అమ్మమ్మ-సాన్" అంది. "కోల్డ్. ఐ ఈట్ హియర్."

అని నడుం వంచింది, కానీ కదల్లేదు.

హారిక చేతిలో చెంచా ఆగింది. సుజాత నా వైపు చూసింది. పుట్టిన ఇన్నేళ్ళలో సుజాత నాకు తెలియకుండా చేసినవి చాలా ఉండొచ్చు, ఎదురుగా నిలబడి వద్దన్నది మాత్రం లేదు. మా ఇంట్లో ఎవరూ అనలేదు. కోపం వచ్చింది, నిజమే. గరిటె గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. రెండోసారి చెప్పబోయాను కూడా. ఆ పొడుగాటి కుర్రాడు ఐదుసార్లు సాధన చేసిన పాఠం నేనూ వెనక కూర్చుని చూసినదాన్నే. నోరు మూసుకున్నాను.

దేవుడు వంటింట్లోనే ఉండాలని ఎక్కడా లేదు. మురళిని లేపి, స్నానం చేసి రమ్మన్నాను. అరలో నుంచి వెంకటేశ్వరస్వామి పటం, దీపపు కుందె, కుంకుమ భరిణె అన్నీ తీయించి నా గదిలో బట్టల బీరువా మీద పెట్టించాను. ఎందుకత్తయ్యా ఇంత పొద్దున్నే అన్నాడు. మోయమన్నది మొయ్యి అన్నాను. నేనూ మళ్ళీ తలకు పోసుకుని, అక్కడే దీపం పెట్టుకుని, బయటికి వచ్చాను.

మిహో బల్ల దగ్గర హారిక పక్కన కూర్చుని తింటోంది. కారం వేయని ఉప్మా అయినా పెరుగు వెతుక్కుంటోంది. పెరుగు గిన్నె బల్ల మీద పెట్టి, గరిటె కాడతో ఆ పిల్ల వైపు జరిపాను, చెయ్యి తగలకుండా. నా వల్ల అంతవరకే అయింది.